కంపెనీ మీద వేసిన దురాయి

ధర పెంచినవాడు ఏ దేశంలో కూర్చుని పెంచాడో నాకిప్పటికీ తెలియదు. తిట్లు తిన్నది మాత్రం ఇందుకూరుపేటలో, మైపాడు రోడ్డు మీద నా కొట్లో కూర్చుని నేను.

కొట్టంటే పెద్దదేం కాదు. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్ట్ ఫొటోలు. వాటితోపాటు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా అంతట నేను నేర్చుకున్న విద్య. రొయ్య పిల్లల హేచరీ, చర్చి, బీచి దగ్గర లాడ్జీ, ఇలా చుట్టుపక్కలవాళ్లు కొందరు నా చేత వెబ్‌సైట్లు పెట్టించుకున్నారు. వెబ్‌సైట్‌కు ఒక పేరుండాలి. దాన్ని డొమైన్ అంటారు. ఆ పేరు మనం పెట్టుకున్నదే అయినా మన సొంతం కాదు, ఏడాదికోసారి డబ్బు కట్టి అద్దెకు తెచ్చుకోవాలి. ఆ అద్దె వసూలు చేసే కంపెనీ ఒకదానికి నేను ఇక్కడ చిన్న ఏజెంటును. వాళ్ల ధరకు నా కష్టం కాస్త కలుపుకొని జనానికి ఇస్తుంటాను. మామూలు ఇంటివాడు అద్దె పెంచితే ఇంకో ఇల్లు చూసుకుంటాం. ఈ పేరు వదిలేస్తే మాత్రం దాన్ని పట్టుకొని మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లంతా పోతారు. ఆ సంగతి కంపెనీవాడికి మనకంటే బాగా తెలుసు.

ఒకరోజు పొద్దున కొట్టు తీసి మెయిల్ చూస్తే ‘మీకు మరింత మెరుగైన సేవ అందించేందుకు ధరలను సవరిస్తున్నాము’ అని ఉంది. సవరించడమంటే దాదాపు రెట్టింపు చేయడమని కిందికి పోయి చదివితే గాని తెలియలేదు. ఒక నెల ముందు చెప్పి ఉంటే అందరివీ పాత ధరకే కట్టించి పెట్టేదాన్ని. చెప్పలేదు. ఆ రోజు నుంచే అమలు. ఫోను చేద్దామంటే అవతల మనిషి లేడు, తెర మీద జవాబులిచ్చే యంత్రం ఒకటుంది. “మీ ఇబ్బంది మాకు అర్థమైంది” అంది. నాకు ఒళ్లు మండి తెలుగులో నాలుగు తిట్లు టైపు చేశాను. దానికీ అదే జవాబు. వేరే కంపెనీకి మారదామా అని చూస్తే, పైనుంచే పెరిగిందని వాళ్లూ పెంచేశారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఆ నెలంతా నేను దుత్తనే.

మొదట వచ్చింది హేచరీ యజమాని. మా నాన్న పొలం పక్కనే వాళ్ల పొలం, చిన్నప్పటి నుంచీ అన్నా అని పిలుస్తాను. మడి చెక్కలు వదిలి రొయ్య పిల్లల్లో దిగి బాగా సంపాదించాడు. కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకొని అడిగాడు.

“ఏందిమ్మా ఇది? మేత ధర పెరిగితే పేపర్లో వేస్తారు. డీజిలు పెరిగితే టీవీలో చెప్తారు. ఇది పెరిగినట్టు నువ్వు తప్ప ఎవురూ చెప్పలేదే?”

మెయిల్ చూపించాను.

“ఇంగ్లీషులో నాలుగు ముక్కలు నువ్వన్నా రాసుకోవచ్చు గదమ్మా. తప్పుగా అనుకోవాకు, మాట వరసకంటా ఉండా.”

మాట వరసకు అంటూనే నా కష్టానికి నేను కలుపుకొనేది కాస్తా తీయించేశాడు. కట్టి వెళ్లాక కొన్నాళ్లకే వెబ్‌సైట్ మొత్తం నెల్లూరులో ఒక ఆఫీసుకు మార్చుకున్నాడు. అక్కడ నాకంటే ఎక్కువ తీసుకుంటారు. కాకపోతే ఏసీ ఉంది, గ్లాసు తలుపుంది, లోపలికి పోగానే టీ ఇస్తారు. ఏసీ గదిలో చెప్పిన ధర మీద ఎవరికీ అనుమానం రాదు.

తర్వాత పాస్టర్ గారు. నెమ్మదస్తుడు, తిట్టలేదు. “దేవుని పనికి కూడా పెంచినారామ్మా?” అని మాత్రం అన్నారు, నేనేదో దేవుడికే బిల్లు పంపినట్టు. కంపెనీవాళ్ల గుండె మెత్తబడాలని ప్రార్థన చేద్దామన్నారు. “వాళ్లకు గుండె ఎక్కడుందో తెలిస్తే నేనూ చేస్తానండీ” అన్నాను. నొచ్చుకున్నారు. ఆదివారం సంఘంలో చెప్పి, ఎవరో పుణ్యాత్మురాలు ఇస్తే తెచ్చి కట్టారు. లాడ్జీ ఆయన అసలు ఫోనే ఎత్తలేదు.

ఇవన్నీ దులుపుకొని పోయేదాన్నే. వ్యాపారంలో కూర్చున్నాక మాటలు పడతాం. దులుపుకోలేనిది ఒకటుంది.

మైపాడు దాటి ఇసుక రోడ్డులో కొంత దూరం పోతే సముద్రం ఒడ్డున జాలర్ల పాళెం ఒకటుంది. అక్కడొకామె రొయ్యల పచ్చడి, వంజరం పచ్చడి పెట్టి అమ్మేది. భర్త పడవ మీద పనిచేసేవాడు. వల లాగే తాడు ఇంజనులో చుట్టుకొని కుడిచెయ్యి నలిగిపోయింది. అప్పటినుంచి ఇంటి పట్టునే ఉంటాడు. సంసారం ఆమె మీద పడింది. మొదట సీసాలు బుట్టలో పెట్టుకొని బస్సులో నెల్లూరు పోయి అమ్మేది. నా కొట్టుకు ఆధార్ కార్డు జిరాక్సు కోసం వచ్చి, గోడ మీద అంటించిన వెబ్‌సైట్ల ప్రకటన చూసి, “దీంట్లో పచ్చళ్లు కూడా అమ్ముకోవచ్చా అక్కా?” అని అడిగింది.

పేరేం పెడదామంటే చాలాసేపు ఆలోచించింది. పాళెంలో ఆమెను ఫలానావాడి పెళ్లామని, ఫలానావాళ్ల కోడలని పిలుస్తారే గాని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చివరికి నవ్వుతూ, “నా పేరే పెట్టేయక్కా, యాడా పనికిరాకుండా పడుండాది” అంది. ఆమె పేరు, పక్కన పచ్చళ్లు అనే మాట. అదే డొమైన్. అదే సీసాల మీద లేబులు.

పచ్చడి బాగుంటుంది. నూనెకు కక్కుర్తి పడదు, రొయ్యను మాడ్చదు. ఒకరు తిని ఇంకొకరికి చెప్పి, బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసింది. పాళెంలో ఆడవాళ్లు కొందరు ఆమె దగ్గర రొయ్యలు ఒలిచేందుకు కూలికి వచ్చేవాళ్లు. వేసవిలో వేట నిషేధం పెట్టి పడవలు ఒడ్డెక్కినప్పుడు, చెరువు రొయ్యలు తెప్పించి ఆ షెడ్డు నడిపేది. ఆ రోజుల్లో పాళెంలో చాలా ఇళ్లల్లో పొయ్యి వెలిగింది ఆ కూలితోనే.

ధర పెరిగిందని చెప్పినప్పుడు నన్ను ఒక్క మాటా అననిది ఆమె ఒక్కతే. “పెరగంది ఏముండాదిలే అక్కా. పోస్టాఫీసుకు వచ్చినప్పుడు తెచ్చి కట్టేస్తా” అంది. రాలేదు. ఆమె బదులు పాళెం పెద్దాయన దగ్గర్నుంచి కబురొచ్చింది, తుఫాను షెల్టరు దగ్గర మీటింగుంది, వచ్చి మాట్లాడమని.

పెద్దాయన ఆమె భర్తకు పెదనాన్న. పాళేనికి కాపు, అంటే ఊరి పెద్ద. జాలర్ల సొసైటీకి కూడా ఆయనే పెద్ద. ఆ సొసైటీకీ ఒక వెబ్‌సైట్ ఉంది. ఏదో పథకానికి కావాలంటే నేనే చేసిచ్చాను. చేసిన రోజు నుంచి దాన్ని చూసినవాడు లేడు. దాని గడువూ, ఆమె పచ్చళ్ల గడువూ ఒకే నెలలో పడ్డాయి. రెంటికీ కొత్త ధర చెప్పేసరికి పెద్దాయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆ ఊళ్లో చేసేది ఒకటే. దురాయి వేస్తారు.

దురాయి అంటే పాళెం మొత్తానికి కట్టుబాటు. ఫలానావాడికి చేపలు అమ్మొద్దని దురాయి వేస్తే పాళెంలో ఎవరూ అమ్మరు. మీరినవాళ్లు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. తప్పు కట్టకపోతే వెలి. వాళ్లింటికి ఎవరూ పోరు, మంచికీ రారు, చెడుకీ రారు. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. దళారులు ధర తొక్కేసినప్పుడల్లా ఆ పాళెం నిలబడింది దురాయితోనే. ఒకసారి ఐసు ఫ్యాక్టరీవాడు ధర పెంచితే ఒక్క పడవా ఐసు తీసుకోలేదు. వచ్చిన చేపంతా ఉప్పేసి ఎండబెట్టారు. వారం తిరక్కుండా ఐసువాడు పెద్దాయన ఇంటి ముందుకొచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

షెల్టరు మెట్ల మీద మగవాళ్లు, కింద ఇసుకలో ఆడవాళ్లు కూర్చున్నారు. ఆమె ఒక పక్కన తల వంచుకొని ఉంది. నాకు కుర్చీ వేశారు. పెద్దాయన అడిగాడు.

“ఎందుకు పెంచినాడమ్మా వాడు? వాడికేమన్నా డీజిలు ఖర్చా? వల చినిగిందా?”

“కారణం చెప్పలేదు పెద్దాయనా.”

“వేరేవాడి కాడ తీసుకుంటే?”

“అందరూ పెంచేశారు.”

“అంటే సిండికేటు అయినారన్నమాట. వాళ్లు ఒకటైతే మనమూ ఒకటవ్వాల. పాత ధరకు దిగొచ్చిందాకా పాళెంలో ఎవురూ వాడికి పైసా కట్టొద్దు. దురాయి.”

లేచి నిలబడ్డాను.

“పెద్దాయనా, ఐసువాడి సంగతి వేరు. మీరు తీసుకోకపోతే కరిగిపోయింది వాడి ఐసు. ఇక్కడ కరిగేది మన సరుకు. గడువు దాటితే పచ్చళ్ల వెబ్‌సైట్ ఆగిపోతుంది. కొన్నాళ్లు చూసి ఆ పేరును ఇంకెవరికైనా అమ్మేస్తారు. మీరు కట్టలేదని వాడికి తెలియను కూడా తెలియదు.”

“తెలీకుండా ఎట్టుంటాదిమ్మా? పాళెం పాళెమంతా కట్టకపోతే తెలీదా?”

“వాడికి మన పాళెమేంది, నెల్లూరు జిల్లా ఉందనే తెలియదు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మెట్ల మీద వాళ్ల ముఖాలు మారిపోయాయి. వెనకనుంచి ఎవరో, “ఆమెకి కమీషను పోతాదని బాధ” అన్నారు. అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నా వైపు సూటిగా చూసి, “నువ్వు కంపెనీ తరఫునా, మా తరఫునా?” అన్నాడు. ఆమె ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. ఇంకేదైనా చెప్పక్కా అన్నట్టు ఉంది ఆ చూపు. నేను బండి తాళం తీసుకొని బయల్దేరాను.

బండి మీద తిరిగి వస్తున్నంతసేపూ కోపం చల్లారలేదు. చెరువు మీద అలిగి కడుక్కోకుండా పోతే చెరువుకేం నష్టమని మావాళ్లు మోటుగా అంటారు. ఇక్కడ అలిగింది ఊరంతా, కడుక్కోకుండా ఉండమన్నది ఒక్క ఆడదాన్ని. ఆ దురాయి వల్ల మిగతావాళ్లకు పోయేదేముంది? సొసైటీ వెబ్‌సైట్ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. మెట్ల మీద కూర్చుని ధీమాగా తలలూపిన మగవాళ్లలో ఒక్కడికైనా చారెడు ఉప్పు ఖర్చయిందా? పౌరుషం అందరిదీ, పోయేది ఆమెది.

పెద్దాయన చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆమె భర్త చెయ్యి పోయినప్పుడు, పడవకు ఇంత చేప ఆ ఇంటికి పంపాలని కట్టుబాటు పెట్టింది ఆయనే. ఆమె తన కాళ్ల మీద నిలబడేదాకా ఆ ఇంటికి చేపలు వచ్చాయి. ఆ కృతజ్ఞత ఆమె నోరు కట్టేసింది.

గడువు దాటింది. వెబ్‌సైట్ ఆగింది. ఆమె ఫోన్ నంబరు రాసిపెట్టుకున్న పాతవాళ్లు కొందరు ఫోన్ చేసి ఆర్డరు ఇచ్చారు. మిగతావాళ్లు వ్యాపారం ఎత్తేసిందనుకున్నారు. గడువు దాటినా కంపెనీ కొన్నాళ్లు పేరును పక్కన పెట్టి ఉంచుతుంది, జరిమానాతో కడితే తిరిగిస్తుంది. ఆ కొన్నాళ్లూ పెద్దాయన బస్టాండు దగ్గర కనబడ్డప్పుడల్లా నన్ను ఆపేవాడు.

“కంపెనీవాడు ఏమన్నా ఫోన్ చేసినాడా?”

“లేదు పెద్దాయనా.”

“చేస్తాడు. వాడికి వేడి తగలతా ఉంటాది. ఐసోడు కూడా మొదట బిగిసినాడు.”

వాళ్లింటి ముందు ఎవరో వచ్చి చేతులు కట్టుకొని నిలబడతారని ఆయన నిజంగానే ఎదురుచూస్తున్నాడు. ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే. నేను చెప్పడం మానేశాను.

పేరు తిరిగి తెచ్చుకోవడానికి చివరి రోజున, మధ్యాహ్నం ఎండలో ఆమె కొట్టుకొచ్చింది. చెంగు ముడి విప్పి డబ్బు బల్ల మీద పెట్టింది. పెట్టి, మళ్లీ దాని మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది.

“నీ డబ్బు తీసి లోపల పెట్టుకో. నేను కడతాను. కట్టింది నువ్వు కాదు కదా, దురాయి నా మీద లేదు” అన్నాను.

“వెబ్‌సైటు వెలిగితే తెలిసిపోతాది గదక్కా. అందరి ఫోన్లలోనూ చూస్తా ఉండారు.”

“తెలిస్తే తెలియనీ. తప్పు కట్టేయ్. వ్యాపారం నిలబడితే తప్పెంత, నువ్వెంత?”

“తప్పు కట్టేదానికి భయం లేదు. నేను మీరినానంటే మామ మాట పోతాది. మా ఇంటికి చేప పంపించిన మనిషి. ఆయన మాట నేనే తీసేసినాక, ఇంక ఆ పాళెంలో నా మొఖం ఎవురు చూస్తారు?” చెంగు కొస వేలికి చుట్టుకుంది. “రేపు నా మొగుడికి ఏమన్నా అయితే మొయ్యడానికి నలుగురు రావాల గదక్కా.”

నేను మీట నొక్కి ఉంటే ఆమె వ్యాపారం మిగిలేది, ఆమెకు ఊరు మిగిలేది కాదు. ఆ రెంటిలో ఏది పెద్దదో నిర్ణయించడానికి నేనెవర్ని? ఆమె డబ్బు చెంగున కట్టుకొని, నీళ్లు తాగి, ఎండలోకి వెళ్లిపోయింది.

వేసవి వచ్చింది. వేట నిషేధం పెట్టారు, పడవలు ఒడ్డెక్కాయి. ఆర్డర్లు లేవు కాబట్టి రేకుల షెడ్డులో రొయ్యలు లేవు. రొయ్యలు లేవు కాబట్టి ఆడవాళ్లకు కూలి లేదు. కూలి లేనివాళ్లలో పెద్దాయన సొంత కోడలు కూడా ఉంది. అప్పుడు ఆయనకు తెలిసొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే ఆయన ఉతికిన చొక్కా వేసుకొని కొట్టుకొచ్చాడు. వెనకాల ఆమె ఉంది.

“దురాయి ఎత్తేసినామమ్మా” అన్నాడు కుర్చీలో కూర్చుని. “వాడు దిగిరాకపోతే పోయినాడు, మనమే దిగినాం. ఆడకూతురు నష్టపోతా ఉండాది. ఆ పేరు మళ్లా పెట్టేయి. కొత్త ధరే తీసుకో, నీతో బేరం ఆడను.”

వరం ఇస్తున్నట్టుగానే అన్నాడు. నేను ఆమె వెబ్‌సైట్ పేరు టైపు చేసి, తెర ఆయన వైపు తిప్పాను. పైన ఆమె పేరే ఉంది. కింద రంగురంగుల పేకముక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. రమ్మీ ఆడండి, గెలవండి అని రాసి ఉంది.

“ఇదేంది?”

“ఆ పేరును ఇంకెవరో కొనుక్కున్నారు పెద్దాయనా. పేకాట పెట్టుకున్నారు. అడిగితే లక్షలు చెబుతున్నారు.”

“మన పిల్ల పేరు వాళ్లెట్టా కొంటారు? అది ఆ పిల్లదని పాళెమంతా సాక్ష్యం చెప్తాదే.”

సాక్ష్యం చెల్లదని, వదిలేసిన పేరు ఎవరు ముందు కొంటే వాళ్లదేనని, కొత్త పేరు పెట్టినా పాత పేరు పట్టుకొని వచ్చేవాళ్లు రారని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ ముక్కల వైపు చూశాడు. అరవలేదు. తగవులు తీర్చేటప్పటి గొంతుతో, నిదానంగా అడిగాడు.

“సరే. వాడిది ఏ ఊరు? ఆ ఊరి పెద్ద ఎవురో కనుక్కోమ్మా. నేను పోయి మాట్లాడతా. మనిషన్నాక ఎవురో ఒకరి మాట వినకుండా ఉంటాడా?”

బతుకంతా మనిషికి మనిషి ఎదురుగా నిలబడి తేల్చుకున్నవాడు. తేల్చుకోవడానికి అవతల ఎవరూ లేరని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆమే అంది. “పా మామా, పోదాం. నేను రేపట్నుంచి రొయ్యల ఫ్యాక్టరీకి ఒలిచేదానికి పోతా ఉండా. మన ఆడోళ్లని కూడా తీసుకుంటామన్నారు. బస్సు పాళెం మొగదలకే వస్తాదంట.”

ఆయన కుర్చీలోంచి లేవడానికి కొంత సమయం పట్టింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని మెట్లు దించింది. దించి, మళ్లీ లోపలికి వచ్చి, తెర వైపు చూడకుండా నాతో అంది.

“అది ఆపేయక్కా. నా పేరు పెట్టుకొని పేకాట ఆడతా ఉంటే చూడలేకపోతా ఉండా.”

ఆపేశాను. నా కొట్లో ఉన్న తెర వరకు ఆపగలిగాను.